ఛాతీ మీద బ్యాండు పేరు

రాక్, పంక్, మెటల్, పాప్ సంగీత బృందాలు తమ పేరునో గుర్తునో అచ్చువేయించి అభిమానులకు అమ్మే పొట్టిచేతుల నూలు చొక్కాను బ్యాండ్ టీషర్టు అంటారు. దానితో బృందానికి రెండు లాభాలు. చేతికి డబ్బు వస్తుంది, ఊరంతా పేరు తిరుగుతుంది. మామూలుగా ప్రకటన వేయాలంటే పత్రికకో రేడియోకో టీవీకో డబ్బు కట్టాలి. ఇక్కడ ప్రకటనను మోసే మనిషే దాని ఖరీదు చెల్లిస్తాడు, పైగా చిరిగిపోయేదాకా మోస్తాడు. సంగీత వ్యాపారంలో ఇంత చవకగా దొరికి ఇంతకాలం మన్నే ప్రచార సాధనం ఇంకొకటి లేదనే చెప్పాలి. రికార్డుల అమ్మకానికి తోకలా మొదలైన ఈ చొక్కా, అయిదు దశాబ్దాలు తిరిగేసరికి చాలా బృందాలకు పాటలకన్నా నమ్మకమైన ఆదాయమైంది.

టీషర్టు పుట్టడం లోదుస్తుగానే పుట్టింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా నౌకాదళం తన సిబ్బందికి యూనిఫారం లోపల తొడుక్కోవడానికి ఇచ్చిన బనీను అది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లకు తిరిగివచ్చిన సైనికులు దాన్నే పైచొక్కాగా వేసుకుని తిరగసాగారు. 1951లో ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ సినిమాలో మార్లన్ బ్రాండో, 1955లో ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’లో జేమ్స్ డీన్ ఒట్టి టీషర్టుతో తెరమీద కనిపించారు. ఆ తర్వాత కుర్రకారుకు అది ఫ్యాషనైంది.

గాయకుల పేరు మీద సరుకులు అమ్మే వ్యాపారం కూడా ఆ దశాబ్దంలోనే ఊపందుకుంది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ మేనేజరు కర్నల్ టామ్ పార్కర్, ఎల్విస్ పేరుతో లిప్‌స్టిక్‌లు, బ్రేస్‌లెట్లు వంటివి అమ్మించాడు. ఈ వ్యాపారం విలువ తెలియక చేతులు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. బీటిల్స్ మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైన్ ఈ సరుకుల సంగతి లాయరుకు వదిలేశాడు. లాయరు కుదిర్చిన ఒప్పందం ప్రకారం లైసెన్సుల మీద వచ్చే సొమ్ములో 90 శాతం సెల్‌టాబ్ అనే కంపెనీకి, 10 శాతం మాత్రం బీటిల్స్ పక్షానికి దక్కింది. సెల్‌టాబ్ అంటే బీటిల్స్ పేరులోని ఇంగ్లిషు అక్షరాలను తిరగేసి పెట్టుకున్న పేరే. 1964లో అమెరికా అంతటా బీటిల్స్ విగ్గులు, బొమ్మలు, చొక్కాలు విరగబడి అమ్ముడుపోతుంటే ఎప్‌స్టైన్‌కు జరిగిన నష్టం అర్థమైంది. ఒప్పందాన్ని తిరగరాయించి వాటాను 49 శాతానికి పెంచాడు గానీ, వ్యవహారం కోర్టుకెక్కడంతో భయపడిన దుకాణాలు ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. పేరు మీద హక్కు కూడా ఆస్తేనని ఆ తర్వాతి మేనేజర్లకు నేర్పింది ఈ ఉదంతమే.

ఇక తయారీ సంగతి. పెళ్లి శుభలేఖల మీద, గుడ్డ సంచుల మీద అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగే చొక్కాకూ ఆధారం. చట్రానికి బిగించిన సన్నని జాలీ గుడ్డకు, వెలుతురు తగిలితే గట్టిపడే రసాయనం పూస్తారు. బొమ్మ ఉన్నచోట మాత్రం కన్నాలు తెరిచి ఉంచుతారు. చట్రాన్ని చొక్కా మీదికి దించి, రబ్బరు అంచున్న స్క్వీజీతో రంగును ఒక్క లాగు లాగితే, ఆ కన్నాలలోంచి రంగు గుడ్డ మీదికి దిగుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో చట్రం కావాలి. నల్ల చొక్కా అయితే అన్నిటికన్నా ముందు తెల్ల పొర ఒకటి పడాలి. లేకుంటే ఎరుపూ పసుపూ నలుపులో కలిసి మసకబారతాయి. అంటే నాలుగు రంగుల బొమ్మకు అయిదు చట్రాలన్నమాట. రాక్ బృందాలకు నలుపంటేనే మోజు కాబట్టి ఈ అదనపు ఖర్చు తప్పదు.

1959లో ప్లాస్టిసాల్ అనే రంగు వచ్చింది. ప్లాస్టిక్ కలిసిన ఈ చిక్కటి ముద్ద గాలికి ఆరదు. సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే గట్టిపడుతుంది. వేడి చాలకపోతే నాలుగు ఉతుకులకే బొమ్మ పెచ్చులూడుతుంది. 1960లలో మైకేల్ వాసిలాంటోన్ అనే అమెరికన్, గుండ్రంగా తిరుగుతూ ఒకదాని తర్వాత ఒక రంగు వేసే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. రంగులు చోటు తప్పకుండా ఒకదాని పక్కన ఒకటి పడటం దానితో సులువైంది. చొక్కాలు వేల సంఖ్యలో అచ్చయ్యే రోజులు వచ్చాయి.

ఆ వేలను అమ్మే చోటు శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరికింది. అక్కడ ఫిల్‌మోర్, వింటర్‌లాండ్ హాళ్లలో కచేరీలు నడిపిన బిల్ గ్రాహమ్, 1970ల తొలినాళ్లలో వింటర్‌లాండ్ ప్రొడక్షన్స్ అనే సంస్థతో కచేరీ చొక్కాల వ్యాపారాన్ని గాడిలో పెట్టాడు. అంతకుముందు కళాకారులు, అభిమానులు కొద్ది సంఖ్యలో చొక్కాలు వేసి అమ్ముకునేవారు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం కోసం అలన్ టెర్క్ అనే చిత్రకారుడు 1967లో వేసిన పసుపు చొక్కా అలాంటిదే. 2021లో సోథెబీస్ వేలంలో ఆ చొక్కా ఒకటి 17,640 డాలర్లు పలికింది. గ్రాహమ్ వచ్చాక ఇది పద్ధతి ప్రకారం సాగే వ్యాపారమైంది. కంపెనీ బృందానికి ముందుగా కొంత సొమ్ము ఇస్తుంది, చొక్కాలు అచ్చువేయిస్తుంది, పర్యటన వెంట లారీలో సరుకునూ మనుషులనూ పంపుతుంది, అమ్మకం మీద బృందానికి వాటా చెల్లిస్తుంది. వీపు వైపున ఏ తేదీన ఏ ఊళ్లో కచేరీయో వరసగా అచ్చువేసే టూర్ చొక్కా ఆ కాలంలోనే స్థిరపడింది. వీపు మీది ఆ జాబితా, కచేరీకి వెళ్లినవాడికి సాక్ష్యపత్రం. వెళ్లలేకపోయినవాడికి కాస్త కడుపుమంట.

చొక్కా అమ్ముడుపోవాలంటే దూరం నుంచి చూడగానే పోల్చుకునే గుర్తు ఉండాలి. ఈ విషయంలో రోలింగ్ స్టోన్స్ నాలుకను మించినది లేదు. 1970లో జాన్ పాష్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో విద్యార్థి. గాయకుడు మిక్ జాగర్ అతనికి కాళికాదేవి పటం ఒకటి చూపించి, అలాంటిది కావాలన్నాడు. జాగర్ ఇంటి దగ్గరి దుకాణంలో కనిపించిన పటం అది. దేవి చాచిన నాలుక పాష్ మనసును పట్టుకుంది. చాలామంది అది జాగర్ నోరే అనుకుంటారు. నిజానికి దాని మూలం బెంగాల్ నుంచి మన ఊళ్ల దాకా అందరికీ తెలిసిన రూపమే. పాష్‌కు అప్పుడు ముట్టింది 50 పౌండ్లు. తర్వాత మరో 200 ఇచ్చారు. 1971లో ‘స్టికీ ఫింగర్స్’ ఆల్బంతో ఆ నాలుక లోకానికి తెలిసింది. కొన్నేళ్లు సరుకుల అమ్మకం మీద కొంత వాటా అందుకున్నాక, 1982లో హక్కులను 26 వేల పౌండ్లకు బృందం తాలూకు సంస్థకే అమ్మేశాడు. అసలు బొమ్మను 2008లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సుమారు 50 వేల పౌండ్లకు కొన్నది. ఆ గుర్తు మీద ఇన్నేళ్లుగా సాగుతున్న వ్యాపారంతో పోలిస్తే చిత్రకారుడికి దక్కింది చిల్లరే.

రికార్డులు అమ్ముడుపోని బృందాన్ని చొక్కా ఎలా బతికిస్తుందో తెలియాలంటే న్యూయార్క్ పంక్ బృందం రమోన్స్‌ను చూడాలి. 1974లో మొదలైన ఈ బృందం తొలి ఆల్బం 1976లో వచ్చి, అమెరికా ఆల్బంల జాబితాలో 111వ స్థానం దగ్గరే ఆగిపోయింది. అయిదు లక్షల ప్రతుల గుర్తింపు ఆ ఆల్బంకు దక్కింది 2014లో, అంటే 38 ఏళ్లకు. ఈలోగా వాళ్ల టీషర్టు ప్రపంచమంతా తిరిగింది. దాన్ని రూపొందించినవాడు వాళ్ల మిత్రుడు, కళాకారుడు ఆర్టూరో వేగా. అమెరికా అధ్యక్షుడి రాజముద్రను తీసుకుని అందులోని గద్ద కాళ్లలో వస్తువులు మార్చాడు. ఆలివ్ కొమ్మ స్థానంలో ఆపిల్ కొమ్మ, బాణాల స్థానంలో బేస్‌బాల్ బ్యాటు వచ్చి చేరాయి. గిటారు వాయించే జానీకి ఆ ఆటంటే ప్రాణం. గద్ద చుట్టూ వలయంలో సభ్యుల పేర్లు రాశాడు. సభ్యులు మారినప్పుడల్లా పేర్లూ మారాయి. కచేరీల దగ్గర చొక్కాలు అమ్మే పనిని కూడా వేగాయే చూసుకున్నాడు. రమోన్స్ రికార్డులకన్నా చొక్కాలే ఎక్కువ అమ్మారన్న మాట సంగీత ప్రపంచంలో నానుడిలా నిలిచిపోయింది. తొలి ఆల్బంలో వాయించిన నలుగురూ ఇప్పుడు లేరు. చొక్కా మాత్రం పెద్ద బట్టల దుకాణాల్లో దొరుకుతూనే ఉంది.

ఇంకో చొక్కా కథ వినితీరాలి. నల్లటి గుడ్డ మీద కొండల వరసలా లేచిపడే తెల్ల గీతలు, పేరు ఉండదు, ఊరు ఉండదు. అది 1979లో మాంచెస్టర్ బృందం జాయ్ డివిజన్ తెచ్చిన ‘అన్‌నోన్ ప్లెజర్స్’ ఆల్బం అట్ట మీది బొమ్మ. ఆ గీతలు ఆకాశం నుంచి వచ్చిన రేడియో తరంగాలు. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ మొట్టమొదటి పల్సార్‌ను కనిపెట్టింది. గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రమది. హెరాల్డ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు ప్యూర్టోరికోలోని ఆరెసిబో టెలిస్కోపులో దాని స్పందనలను నమోదు చేసి, ఒకదాని కింద ఒకటి పేర్చి గీసి, 1970లో తన సిద్ధాంత గ్రంథంలో పెట్టాడు. అది ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలో అచ్చయితే, బృందంలోని బెర్నార్డ్ సమ్నర్ కంటపడింది. డిజైనర్ పీటర్ సావిల్ దాన్ని నలుపు మీద తెలుపుగా మార్చి అట్ట చేశాడు. 2012లో డిస్నీ సంస్థ ఆ గీతలనే మిక్కీ మౌస్ ఆకారంలో మలిచి చొక్కా అమ్మబోయి, విమర్శలు రాగానే వెనక్కు తీసుకుంది. ఈ చొక్కా తొడుక్కున్నవాళ్లలో పాట వినకపోయినవాళ్లే ఎక్కువ ఉండవచ్చు. గీతలు ఏమిటో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

డబ్బు లెక్క దగ్గరికి వస్తే, అది కచేరీ హాలు వసారాలో వేసిన బల్ల దగ్గర తేలుతుంది. తలుపులు తెరవకముందే మర్చండైజ్ మేనేజరు ఏ డిజైను ఏ సైజులో ఎన్ని చొక్కాలు దించాడో లెక్కరాస్తాడు. హాలు ప్రతినిధి దాన్ని సరిచూస్తాడు. కచేరీ అయ్యాక మిగిలినవి మళ్లీ లెక్కపెడతారు. ఉచితంగా ఇచ్చినవి తీసేస్తారు. మిగతా తేడా అంతా అమ్మకం కిందికే వస్తుంది. ఒక్క చొక్కా తగ్గినా మేనేజరే సమాధానం చెప్పాలి. మొత్తం అమ్మకాన్ని ప్రేక్షకుల సంఖ్యతో భాగిస్తే తలకు ఎంత ఖర్చుపెట్టారో తెలుస్తుంది. బృందం పరపతిని టిక్కెట్లతో పాటు ఈ తలసరి లెక్కతోనూ కొలుస్తారు. ఆ అమ్మకంలోంచి హాలు యాజమాన్యం 20 నుంచి 30 శాతం దాకా, కొన్నిచోట్ల అంతకుమించీ కోత పెడుతుంది. ఉదాహరణకు 40 డాలర్ల చొక్కాలో హాలుకు 10 పోతే, తయారీకి 8 పోతే, పన్నులు, అమ్మే మనుషుల జీతం, రవాణా, కంపెనీ వాటా పోను బృందానికి చివరికి పదో పన్నెండో మిగలవచ్చు.

అదే పది డాలర్లు ఆన్‌లైన్ శ్రవణంతో రావాలంటే? ఒక్కసారి పాట వింటే హక్కుదారులకు ముట్టేది చాలా సందర్భాల్లో ఒక సెంటులో సగం కూడా ఉండదు. రెండు వేల సార్లకు మించి పాట మోగాలి. అందుకే చిన్న బృందాలకు పెట్రోలు ఖర్చు గిట్టేది చొక్కాల బల్ల దగ్గరే. హాళ్లు పెట్టే కోత మీద కోపం రగిలి, బ్రిటన్‌లో ఫీచర్డ్ ఆర్టిస్ట్స్ కోయలిషన్ 2022 జనవరిలో కోత పెట్టని హాళ్ల జాబితా ప్రకటించడం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో అమెరికా సంస్థ లైవ్ నేషన్ తన చిన్న క్లబ్బుల్లో ఈ వసూలు ఆపుతున్నట్టు చెప్పింది. పెద్ద పేర్లకు ఈ బాధ ఉండదు. 2023లో టేలర్ స్విఫ్ట్ ఎరాస్ పర్యటనలో సరుకుల అమ్మకం 20 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని పోల్‌స్టార్ పత్రిక అంచనా వేసింది.

అమ్మకం ఉన్నచోట నకలు తప్పదు. హాలు బయట పార్కింగ్ స్థలంలో సంచీలో తెచ్చి సగం ధరకు అమ్మేవాళ్ల చొక్కా కూడా మొదటి చూపుకు అసలుదానిలాగే ఉంటుంది. వాళ్ల పేర్లు తెలియవు, రేపటికి ఊరు మారతారు. నోటీసు ఎవరికివ్వాలి? దీనికి అమెరికా కోర్టులు జాన్ డో అనే ఊహాపేరు మీద ఆజ్ఞలిచ్చి, ఆ రోజు దొరికిన నకిలీ సరుకును స్వాధీనం చేసుకునే వీలు కల్పించాయి. కచేరీ చొక్కాల కేసులు ఈ పద్ధతి స్థిరపడటానికి తోడ్పడ్డాయి. భారతదేశంలో ఇలాంటి ఆజ్ఞలకు అశోక్ కుమార్ ఆర్డర్లని పేరు. 2002లో ఢిల్లీ హైకోర్టు కేబుల్ టీవీ కేసులో ఇచ్చింది వీటిలో మొదటిదిగా చెబుతారు. పేరున్న ఫ్యాషన్ సంస్థలతోనూ తగాదాలు వచ్చాయి. తమ పసుపు నవ్వుముఖాన్ని మార్క్ జేకబ్స్ సంస్థ అనుకరించిందంటూ నిర్వానా బృందం 2018 డిసెంబరులో వేసిన దావా 2024లో రాజీతో ముగిసింది. మధ్యలో, ఆ ముఖం గీసింది తానేనంటూ రికార్డు కంపెనీ మాజీ కళాదర్శకుడొకరు కోర్టుకొచ్చి వ్యవహారాన్ని మరింత రసవత్తరం చేశాడు.

ప్రచారంగా చొక్కా బలం 1984లో బ్రిటన్‌కు బాగా తెలిసివచ్చింది. ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ బృందం ‘రిలాక్స్’ పాటను ఆ జనవరిలో బీబీసీ రేడియో నిషేధించింది. నిషేధం పుణ్యమా అని పాట అయిదు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ వేసవికి తెల్ల చొక్కా మీద పెద్ద నల్ల అక్షరాలతో ‘ఫ్రాంకీ సే రిలాక్స్’ అన్న మాట మోగిపోయింది. రేడియోలో వినపడనిది వీధిలో కనపడింది. ఇటీవలి కాలంలో ప్రచారం అంకెల మాయగానూ మారింది. చొక్కా కొంటే ఆల్బం కూడా జతచేసి, దాన్ని ఆల్బం అమ్మకంగా లెక్కవేయించుకునే పద్ధతి అమెరికాలో పెరిగింది. 2018లో ట్రావిస్ స్కాట్ ఆల్బం వల్ల మొదటి స్థానం దక్కని నిక్కీ మినాజ్ ఈ జతల మీద బహిరంగంగానే మండిపడింది. చివరికి బిల్‌బోర్డ్ పత్రిక 2020లో నిబంధన మార్చి, ఇలా సరుకుతో కలిపిన ఆల్బంలను లెక్కలోంచి తీసేసింది. ఆలస్యంగానైనా సరైన పనే.

ఇక భారతదేశం. ఇక్కడ ఈ చొక్కాల ముడిసరుకు బలంగా ఉంది, బ్యాండ్ల వ్యాపారం ఇంకా చిన్నది. దేశం నుంచి ఎగుమతయ్యే నిట్‌వేర్‌లో సగానికి పైగా తమిళనాడులోని తిరుప్పూరు నుంచే వెళ్తుంది. తమిళనాడు నూలు మిల్లులు పత్తి కోసం మహారాష్ట్ర, గుజరాత్, తెలంగాణ వంటి రాష్ట్రాల మీద ఆధారపడతాయి. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో బ్రిటిష్ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ పాడినప్పుడు మైదానం నల్ల చొక్కాలతో నిండింది. మన నగరాల ఫుట్‌పాత్‌ల మీద ఇప్పటికీ దొరికే బ్యాండ్ చొక్కాల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేనివే. అందులో బృందానికి పైసా వెళ్లదు.

తెలుగునాట ఈ అలవాటుకు దగ్గరగా ఉన్నది సినిమా హీరోల టీషర్టు. విడుదల రోజు బెనిఫిట్ షోకు అభిమాన సంఘాలు హీరో బొమ్మతో చొక్కాలు కుట్టించి పంచుతాయి. అమెరికాలో తెలుగువాళ్ల ప్రీమియర్లకూ ఆ సందడి పాకింది. ఈ చొక్కాలను హీరో పక్షం అమ్మదు, ఖర్చంతా అభిమానిదే. హక్కుల ప్రశ్న మాత్రం ఇక్కడికీ వచ్చింది. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడుకోవడం మీద ఢిల్లీ హైకోర్టు నుంచి రక్షణ పొందారు. ఆయన ఫిర్యాదుల్లో టీషర్టుల మీద బొమ్మ వేసి అమ్మడం కూడా ఒకటి.

చిన్న భారతీయ బృందాలు సరుకు మిగిలిపోతుందన్న భయంతో ముందు ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని, లెక్క తేలాకే అచ్చుకు పంపే దారి పట్టాయి. అందువల్ల చొక్కా చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు. లైసెన్సున్న చొక్కాలలో చాలావాటికి మెడ లోపలో, బొమ్మ కింది అంచునో చిన్న అక్షరాల్లో హక్కుదారు పేరు, లైసెన్సు పొందిన సంస్థ పేరు ఉంటాయి. డబ్బు బృందానికి చేరాలనుకునేవారు కొనేముందు అక్కడ చూడటం మంచిది. కుదిరితే కచేరీ బల్ల దగ్గరో, బృందం సొంత దుకాణంలోనో కొనడం ఇంకా మేలు.